బరువు తగ్గడం, బలం పెంచుకోవడం, ఫోన్‌లో కనిపించే ఫిట్‌నెస్ గురువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెబుతాను. వయసు 46. ఆరేళ్లుగా వారానికి మూడు రోజులు బరువులు ఎత్తుతున్నాను. అంతకు ముందు ఒకసారి మూడు నెలల్లో 13 కిలోలు తగ్గి, రెండేళ్లు తిరక్కుండానే 15 కిలోలు పెరిగాను. ఆ దెబ్బతో ఈ విషయం మీద పట్టుపట్టి చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో, పెళ్లిళ్లలో, మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కూడా అందరూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాను, ట్రైనర్ని కూడా కాను. చదివి సరిచూసుకున్నవి, చేసి తెలుసుకున్నవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వందమంది వందరకాలుగా చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి?

ముందు, ఆ మనిషికి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. వీడియో చివర పౌడర్, టీ పొడి, “21 రోజుల ప్లాన్” అమ్ముతుంటే, ఆ వీడియో మొత్తం దానికోసమే తీసి ఉండొచ్చు. అమ్మడం తప్పు కాదు. కానీ అమ్మేవారి మాటను అమ్మేవారి మాటగానే వినాలి.

తర్వాత, ఒళ్లు చూసి జ్ఞానాన్ని అంచనా వేయకండి. అమెరికాలో ‘లివర్ కింగ్’ అనే పేరుతో ఒకాయన లక్షలమంది ఫాలోయర్లను సంపాదించాడు. పచ్చి కార్జం తింటూ, ఆదిమానవుల్లా బతికితే తనలాంటి ఒళ్లు వస్తుందని చెప్పేవాడు. సప్లిమెంట్లు కూడా అమ్మేవాడు. స్టెరాయిడ్లు వాడావా అని అడిగితే లేదనేవాడు. ఆయన మందుల వివరాలున్న ఈమెయిళ్లు బయటపడ్డాక, 2022 డిసెంబరులో వాడానని వీడియోలో ఒప్పుకున్నాడు. ఆలోపు ఎంతమంది కుర్రాళ్లు ఆ కండలు కార్జంతో వచ్చాయని నమ్మి ఉంటారో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

స్టెరాయిడ్లు లేకపోయినా ఫొటో మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. బాడీబిల్డింగ్ పోటీల్లో స్టేజి మీద కనిపించే ఒళ్లు ఏడాది పొడవునా ఉండదు. నెలల తరబడి తిండి తగ్గించి, ఆ ఒక్క రోజు కోసం తయారవుతారు. ఫొటోకు ముందు నాలుగు సెట్లు చేసి కండలు ఉబ్బించుకుంటారు, లైటు పక్కనుంచి వేయించుకుంటారు. దాన్ని మన బాత్రూమ్ అద్దంతో పోల్చుకోవడం అన్యాయం.

నేను నమ్మకం పెట్టుకునేది “ఇది అందరికీ పనికిరాదు”, “దీనికి ఏడాది పడుతుంది”, “ముందు డాక్టర్ను అడగండి” అని చెప్పేవాళ్ల మీద. అలాంటి వీడియోలకు వ్యూస్ తక్కువ వస్తాయి. అయినా వెతికి చూడండి, తెలుగులో కూడా ఉన్నారు.

అంటే ఫిట్‌నెస్‌తో పేరు తెచ్చుకున్నవాళ్లంతా మోసగాళ్లేనా?

కానే కాదు. జాక్ లలేన్ అనే అమెరికన్ 1936లోనే కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో జిమ్ తెరిచాడు. బరువులు ఎత్తితే గుండెపోటు వస్తుందని డాక్టర్లే భయపెట్టిన కాలం అది. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఎత్తాలని ఆయన అప్పుడే చెప్పాడు. 1951 నుంచి 1985 దాకా టీవీలో రోజూ కనిపించి, ఇంట్లో ఉండే కుర్చీతో, చీపురు కర్రతో గృహిణుల చేత వ్యాయామం చేయించాడు. 2011లో చనిపోయేనాటికి ఆయన వయసు 96. 1982లో నటి జేన్ ఫోండా వ్యాయామం వీడియో క్యాసెట్ వచ్చాక, జిమ్‌కు వెళ్లలేని లక్షలమంది ఆడవాళ్లు ఇంట్లోనే తలుపు వేసుకుని వ్యాయామం చేయగలిగారు. ఒక మనిషి తెర మీద నుంచి మరో మనిషిని లేపి నిలబెట్టగలగడం గొప్ప విషయమే. నేను మొదటి పుష్‌అప్ నేర్చుకున్నదీ ఒక వీడియో చూసే.

మా అత్తయ్య ఉప్పు, నూనె మానేసి తగ్గారు. మా బావగారు కొబ్బరి నూనె తాగి తగ్గారు. రెండూ ఎలా నిజమవుతాయి?

తెలుగు ఇళ్లలో ఇంతగా వాదనలు జరిగిన విషయం మరొకటి ఉండదేమో. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె లేని వంట, పచ్చి కూరగాయలు, మొలకలు, పండ్లు చెప్పారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం, పండ్లు ఆపి కొవ్వు ఎక్కువగా తీసుకోమన్నారు. రెండూ పూర్తిగా ఎదురెదురు దారులు. రెండిటితోనూ తగ్గినవాళ్లు మన వీధిలోనే ఉన్నారు.

ఈ చిక్కుముడి విప్పడానికి నాకు బాగా పనికొచ్చింది 2018లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ప్రచురించిన పరిశోధన. 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొవ్వు తక్కువ తిండి, ఇంకో గుంపుకు పిండిపదార్థం తక్కువ తిండి ఏడాదిపాటు చెప్పారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఏ గుంపు తీసుకున్నా కొందరు పాతిక కిలోల దాకా తగ్గారు, కొందరు పెరిగారు కూడా. మీ అత్తయ్యగారి పద్ధతిలోనూ, మీ బావగారి పద్ధతిలోనూ బజ్జీలు, స్వీట్లు, బిస్కెట్లు, రెండోసారి వడ్డించుకునే అన్నం పోయాయి. మొత్తం మీద లోపలికి వెళ్లే కేలరీలు తగ్గాయి. తగ్గడానికి అసలు కారణం అదే.

కాబట్టి, ఏ పద్ధతిలో మూడేళ్లు ఉండగలరో అదే మీది. ఒక్క హెచ్చరిక మాత్రం తప్పనిసరిగా చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు అన్నం ఒక్కసారిగా ఆపితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుంటూ కీటో (పిండిపదార్థం దాదాపు ఆపేసి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) చేస్తే రక్తం ఆమ్లంగా మారి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. మందు మోతాదు మార్చాల్సింది డాక్టరే, వీడియో కాదు.

ఎంత కష్టపడి తగ్గినా మళ్లీ ఎందుకు పెరుగుతున్నాం?

నా జీవితంలో నేను ఎక్కువగా వెతికిన ప్రశ్న ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

అమెరికాలో 2004లో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే టీవీ పోటీ మొదలైంది. బాగా లావున్నవాళ్లను ఒకచోట ఉంచి, గంటల తరబడి వ్యాయామం చేయించి, తిండి బాగా తగ్గించేవారు. ఎక్కువ శాతం బరువు తగ్గినవారికి బహుమతి. జిలియన్ మైకేల్స్, బాబ్ హార్పర్ అనే ట్రైనర్లకు ప్రపంచమంతా పేరు వచ్చింది ఆ షోతోనే. తర్వాత కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త ఆ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పిలిచి పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు, అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. ఇంకా కలవరపెట్టే విషయం, వాళ్ల శరీరం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేసే శక్తి, అదే బరువు, అదే వయసు ఉన్న మనిషికి ఉండాల్సిన దానికన్నా రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. అంటే కరువు వచ్చిందనుకుని శరీరం పొదుపు మొదలుపెట్టింది. ఆరేళ్లయినా ఆ పొదుపు ఆగలేదు.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. అప్పటిదాకా నాకు మనోబలం లేదనే అనుకున్నాను. ఒక ఛానల్ నడిపే ఆయన దగ్గర డబ్బు కట్టి, వాట్సాప్‌లో వచ్చిన ప్లాన్ ప్రకారం రెండు పూటలా సూపు, కీరదోస ముక్కలు తిని 13 కిలోలు తగ్గాను. జుట్టు గుప్పెళ్లుగా ఊడింది. మెట్లెక్కితే కాళ్లు వణికేవి. ప్లాన్ అయిపోయాక ఏం చేయాలని అడిగితే, రెండో ప్లాన్ కొనమన్నారు. ఆ 13 కిలోల్లో ఎంత కొవ్వు, ఎంత కండ పోయిందో ఎవరూ చూడలేదు. ప్రోటీన్ సరిపడా తినకుండా, కండకు పని చెప్పకుండా తిండి తగ్గిస్తే పోయే బరువులో ఇంచుమించు పావు వంతు కండే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది.

ఆ 14 మందినే చూసిన మరో పరిశోధన 2017లో వచ్చింది. తగ్గిన బరువు నిలబెట్టుకున్నవాళ్లు పోటీకి ముందుకన్నా 160 శాతం ఎక్కువగా కదులుతున్నారు. మళ్లీ పెరిగినవాళ్లలో ఆ పెరుగుదల 34 శాతమే. తగ్గడానికి తిండి ముఖ్యం, తగ్గిన చోట నిలబడడానికి కదలిక ముఖ్యం అని నేను దీని నుంచి నేర్చుకున్నాను. అందుకే నెమ్మదిగా తగ్గండి. వారానికి మీ బరువులో అర శాతం నుంచి ఒక శాతం చాలు. 80 కిలోలుంటే వారానికి 400 నుంచి 800 గ్రాములు.

రోజూ గంట నడుస్తున్నాను. అది చాలదా?

నడక మానకండి, గుండెకు, షుగర్‌కు, మనసుకు అది మందు. కానీ 70 కిలోల మనిషి గంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 300 కేలరీలు. కూరలో రెండున్నర పెద్ద చెంచాల నూనె ఎక్కువ పడితే అది సరి. పైగా నడక కాళ్లకు ఒక స్థాయి వరకే పని చెబుతుంది, చేతులకు, వీపుకు ఏమీ చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని ఉండాలని స్పష్టంగా ఉంది. మన దగ్గర మొదటి సగమే ప్రచారమైంది.

నేను సన్నగానే ఉన్నాను, పొట్ట కొంచెం ఉంది అంతే. నాకు ఇదంతా ఎందుకు?

2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. భారతీయులు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉన్నవాళ్లని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క కడతారు. టేపు తీసుకుని నడుము కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. మీరు తగ్గాల్సింది బరువు కాకపోవచ్చు, పెంచాల్సింది కండ అయ్యుండొచ్చు.

ఆడవాళ్లు బరువులు ఎత్తితే మగవాళ్లలా అయిపోరా?

కారు. కండ పెరగడానికి ముఖ్యమైన టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ ఆడవాళ్లలో మగవాళ్లకున్న దానిలో పదో వంతు కూడా ఉండదు. నేను ఆరేళ్లుగా ఎత్తుతున్నాను. జాకెట్టు చేతులు రెండుసార్లు బిగుతు చేయించుకున్నాను తప్ప వదులు చేయించుకోలేదు.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి, 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన తెలుగమ్మాయే, అదీ వెయిట్‌లిఫ్టింగ్‌లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఆ పోటీ పెట్టడమే అప్పుడు మొదలు. అయినా పాతికేళ్ల తర్వాత మన ఇళ్లలో ఆడపిల్ల డంబెల్ పట్టుకుంటే “పెళ్లెలా అవుతుంది” అనే మాట వినిపిస్తోంది. ఆ మాట ఆగాలి.

ఈ జిమ్ గొడవ మనది కాదు కదా. యోగా చాలదా?

బలం కోసం కష్టపడడం మనకు కొత్త కాదు. మన ఊళ్లలో తాలింఖానాలు ఉండేవి, కుర్రాళ్లు తెల్లవారుజామునే దండీలు, బస్కీలు తీసేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంచి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కలియుగ భీముడు అన్నారు ఆయన్ని. దండీ అంటే ఇప్పటి పుష్‌అప్‌కు అన్నలాంటిది, బస్కీ అంటే స్క్వాట్.

యోగా ఒళ్లు వంగడానికి, ఊపిరికి, ప్రశాంతతకు చాలా మంచిది. మొదటి నెలల్లో బలం కూడా వస్తుంది. కానీ ఒంటి బరువు కన్నా ఎక్కువ మోయించదు కాబట్టి అక్కడ ఆగిపోతుంది. రెండూ చేయండి.

పొట్ట ఒక్కటే తగ్గడానికి వ్యాయామం చెప్పండి.

అలాంటిది లేదు. టెన్నిస్ ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఒక్క చేత్తోనే ఆడతారు. 1971లో వాళ్ల రెండు చేతుల మీదా చర్మం కింది కొవ్వు మందాన్ని కొలిచి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆడే చేతిలో కండ పెరిగింది, కొవ్వు మాత్రం అంతే. క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపడం) చేస్తే పొట్ట కండరం గట్టిపడుతుంది. పైన కొవ్వు ఎక్కడినుంచి ముందు పోవాలో మీ శరీరం నిర్ణయిస్తుంది.

జిమ్‌కు వెళ్లే వీలు లేదు. ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 40 నిమిషాలు. ఐదు కదలికలు చాలు.

ఒకటి, కూర్చుని లేవడం. కుర్చీ ముందు నిలబడి, చేతులు ముందుకు చాపి, నెమ్మదిగా కూర్చుని లేవండి. సులువయ్యాక కుర్చీ తీసేయండి, అదే బస్కీ. తర్వాత ఐదు లీటర్ల నూనె డబ్బాలో నీళ్లు నింపి గుండెలకు హత్తుకుని చేయండి.

రెండోది, నెట్టడం. మొదట గోడను ఆనుకుని, తర్వాత వంటగది గట్టు మీద, తర్వాత మంచం అంచు మీద, చివరికి నేల మీద. నాకు గోడ నుంచి నేలకు రావడానికి ఏడు నెలలు పట్టింది. నేల మీద మొదటి పుష్‌అప్ చేసిన రోజు మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

మూడోది, లాగడం. ఎడమ చెయ్యి మంచం మీద ఆనించి వంగి, కుడి చేత్తో బియ్యం సంచినో నీళ్ల డబ్బానో నడుము దాకా లాగండి. వీపుకు పని చెప్పేది ఇదే, ఫోన్ చూసి వంగిపోయిన భుజాలకు మందు కూడా ఇదే.

నాలుగోది, తుంటి దగ్గర వంగి లేవడం. ఇది అందరూ తప్పు చేసేది. చేతుల నిండా సామాను ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపును పిరుదుతో వెనక్కి నెట్టి వేస్తాం చూడండి, ఆ కదలిక. వీపు బల్లలా తిన్నగా ఉండాలి, మోకాళ్లు కొంచెమే మడవాలి, బరువు తొడలను రాసుకుంటూ దిగాలి. ముందు ఖాళీ చేతులతో, పక్కనుంచి ఎవరి చేతనైనా వీడియో తీయించుకుని చూసుకోండి.

ఐదోది, మోయడం. రెండు చేతుల్లో రెండు బకెట్లతో హాల్లో అటూ ఇటూ నడవండి. 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను ఎవరి సాయం లేకుండా స్టాండ్ మీద పెట్టగలగడం నేను పెట్టుకున్న మొదటి లక్ష్యం.

ఒక్కోదీ ఆపకుండా 8 నుంచి 12 సార్లు చేస్తే ఒక సెట్. అలాంటివి రెండు లేదా మూడు సెట్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. సెట్ ఆపినప్పుడు ఇంకా రెండు మూడు మాత్రమే చేయగలననిపించాలి. ఇంకో పది చేయగలిగేలా ఉంటే బరువు చాలనట్టే. పన్నెండు తేలిగ్గా వస్తే వచ్చేవారం కొంచెం పెంచండి. అసలు రహస్యం ఈ పెంచడంలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు తేలికపాటి వ్యాయామాలు పనిచేయడం లేదని గమనించి, థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ సైనిక డాక్టర్ బరువులు మోయించి, వాటిని క్రమంగా పెంచుతూ పోయాడు. వాళ్లు త్వరగా కోలుకున్నారు. 1945లో ఆయన రాసిన పద్ధతి మీదే నేటి జిమ్‌లన్నీ నడుస్తున్నాయి. ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, బరువు, ఎన్నిసార్లు అన్నది రాసుకోండి. రాయకపోతే ఆరు నెలల తర్వాత కూడా అవే రెండు కిలోల డంబెల్స్ దగ్గర ఉంటారు.

పర్సనల్ ట్రైనర్‌ను పెట్టుకుంటే మంచిదా?

మొదటి రెండు మూడు నెలలు మంచి ట్రైనర్ దొరికితే అదృష్టమే. మీ పాత దెబ్బలు, మందులు, కాన్పులు, నిద్ర గురించి అడిగాడా? మీరు చేస్తున్నప్పుడు మిమ్మల్ని చూస్తున్నాడా, ఫోన్ చూస్తున్నాడా? నొప్పి అంటే కదలిక మారుస్తున్నాడా, “నో పెయిన్ నో గెయిన్” అంటున్నాడా? మొదటి రోజే పౌడర్ డబ్బా చేతిలో పెడితే వేరే చోటు చూసుకోండి. అలాగే సంవత్సరం ఫీజు ఒక్కసారి కట్టకండి, నెల నెలా కట్టండి.

అన్నం మానాలా? మన తిండిలో ప్రోటీన్ ఎక్కడుంది?

అన్నం మానక్కర్లేదు. పళ్లెంలో కొలతలు తిరగేయాలి. మనం గిన్నెడు అన్నానికి గరిటెడు పప్పు వేసుకుంటాం, ఆ పప్పు కూడా నీళ్లగా ఉంటుంది. ముద్దపప్పులా చేసి, పప్పు ఎక్కువ, అన్నం తక్కువ చేయండి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. బరువు తగ్గుతూ, బరువులు ఎత్తుతూ కండ నిలుపుకోవాలంటే 1.2 నుంచి 1.6 దాకా తీసుకోవడం మేలు. 60 కిలోల మనిషికి ఇది 72 గ్రాముల నుంచి మొదలవుతుంది. శాకాహారి అయినా గుడ్లు తినే నా తోటి టీచర్ కోసం ఒకసారి లెక్క వేశాను. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, అందులో 14 గ్రాములు. మధ్యాహ్నం ముద్దపప్పు, అన్నం కలిపి 14. రెండు గుడ్లు 12. కప్పు పెరుగు 6. సాయంత్రం గుప్పెడు పల్లీలు 7. రాత్రి రెండు పుల్కాలతో 50 గ్రాముల మీల్‌మేకర్ కూర, అందులో ఒక్క మీల్‌మేకర్ వల్లే 26. మొత్తం 80 దాకా వచ్చింది. చేపల పులుసు, చికెన్ తినేవాళ్లకు ఇంకా సులువు. కానీ ఆదివారం అరకిలో తిని, మిగతా ఆరు రోజులు చారన్నం తింటే కుదరదు.

పల్లీల్లో, గింజల్లో ప్రోటీన్ ఉన్నా నూనె ఎక్కువ, గుప్పెడు దాటకండి. కూరలో నూనెను చెంచాతో కొలిచి పోయండి. ఒక పెద్ద చెంచాలో 120 కేలరీలు ఉంటాయి. మా ఇంట్లో వేరే ఏదీ మార్చకుండా ఇదొక్కటి మార్చినందుకే మావారు నాలుగు నెలల్లో మూడు కిలోలు తగ్గారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రోటీన్ పెంచేముందు డాక్టర్ను అడగాలి.

ప్రోటీన్ పౌడర్, క్రియాటిన్ మంచివేనా?

వే ప్రోటీన్ అంటే పాల విరుగుడు నీళ్ల నుంచి తీసిన పొడి. అందులో మాయ లేదు, విషం లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ పెంచడానికి వాటి జోలికి వెళ్లొద్దని, తిండి నుంచే తీసుకోమని చెప్పింది. నా అభిప్రాయం కూడా తిండే ముందు. తిండితో ఎంతకీ కుదరకపోతే ఒక చెంచా వాడండి. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వారి 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి, విడిగా కవర్లలో కట్టి అమ్మేవి కొనకండి. క్రియాటిన్ మోనోహైడ్రేట్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు బలానికి పనిచేస్తుందని చాలా పరిశోధనలు తేల్చాయి. కొవ్వు కరిగించే మాత్రలు, డిటాక్స్ టీలు, చెమట పట్టించే బెల్టులు మాత్రం డబ్బు దండగ.

మా అబ్బాయి మూడు నెలల్లో విపరీతంగా పెరిగాడు. ఏమైనా ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది.

మీ భయం అర్థం లేనిది కాదు. స్టెరాయిడ్లు బయటినుంచి వస్తుంటే శరీరం సొంతంగా టెస్టోస్టిరాన్ చేయడం ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, పిల్లలు పుట్టడంలో ఇబ్బంది రావచ్చు, గుండె కండరం మందమవుతుంది, మూడ్ తలకిందులవుతుంది. హైదరాబాద్‌లో మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను జిమ్‌లకు వెళ్లే కుర్రాళ్లకు అమ్ముతూ పోలీసులకు పట్టుబడిన కేసులు వచ్చాయి. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే డాక్టర్లు ఇచ్చే మందు అది. ఉషారు కోసం వేసుకుంటే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది.

వీపు, భుజాల మీద ఒక్కసారిగా మొటిమలు, రొమ్ము ఉబ్బడం, ఊరికే కోపం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడండి. తిట్టకండి, తిడితే దాచుకుంటాడు. వాడుతున్నట్టు తేలితే ఒక్కసారిగా ఆపించకుండా ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లండి. ఆపాక వచ్చే దిగులు చాలా తీవ్రంగా ఉండొచ్చు.

పదిరోజులుగా వెయింగ్ మెషిన్ కదలడం లేదు.

రాత్రి ఆవకాయ అన్నం తింటే పొద్దున కిలో పెరుగుతుంది, అది ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు. కొత్తగా బరువులు ఎత్తినప్పుడు కూడా కండలు నీళ్లు పట్టుకుంటాయి. రోజూ పొద్దున చూసుకుని వారం సగటును పోల్చండి. ఆడవాళ్లు ఈ నెల నెలసరి మొదలైన వారాన్ని పోయిన నెల నెలసరి మొదలైన వారంతో పోల్చాలి, ఎందుకంటే నెలసరికి ముందు నీళ్ల బరువు పెరుగుతుంది. నడుము టేపు, పాత ప్యాంటు ఇంకా నమ్మకమైన సాక్షులు. నాలుగు వారాలైనా రెండూ కదలకపోతే అప్పుడు తిండి లెక్క చూడండి.

బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఇంత కష్టం ఎందుకు?

2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. నిజంగానే పనిచేస్తాయి. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ పరీక్షల్లో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. అవసరమైనవాళ్లు డాక్టర్ సలహాతో వాడడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అది అడ్డదారి అనేవాళ్ల మాట పట్టించుకోకండి. కానీ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఆకలి చచ్చిపోతే ప్రోటీన్ కూడా తినబుద్ధి కాదు, కండ పోతుంది. కాబట్టి ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు బరువులు ఎత్తడం మరింత అవసరం.

మొదలుపెట్టే ముందు ఎవరు డాక్టర్ను కలవాలి?

బీపీ, షుగర్, గుండె జబ్బు, హెర్నియా, డిస్క్ సమస్య, కంటి రెటీనా సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, కాన్పయి కొద్ది నెలలే అయినవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లున్నవారు. పైన చెప్పిన ట్రైనర్ బాబ్ హార్పర్‌కు 2017 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని జిమ్‌లోనే గుండె ఆగిపోయింది. అప్పుడాయన వయసు 51. అక్కడే ఉన్న ఒక డాక్టర్ ఛాతీ నొక్కి బతికించారు. పుట్టుకతో వచ్చే లైపోప్రోటీన్ ఏ అనే కొవ్వు ఎక్కువ ఉండడం కారణమని తర్వాత తెలిసింది. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో అది కనిపించదు, విడిగా అడిగి ఒకసారి చేయించుకోండి. వ్యాయామం చేస్తుండగా ఛాతీ బిగపట్టినట్టు ఉన్నా, ఎడమ చెయ్యి, దవడ లాగినా, కళ్లు తిరిగినా ఆ సెట్ అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని ఈనో తాగి కూర్చోవద్దు.

మా అమ్మకు 70 దాటాయి. ఇప్పుడు మొదలుపెట్టినా ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తిచేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడవగలిగారు.

మా అమ్మకు 71. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడ పుష్‌అప్‌లు, వంటగది గట్టు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడడం, లీటరు నీళ్ల సీసాలు భుజం దాకా ఎత్తడం. సోమ, బుధ, శుక్రవారాల్లో, టీవీలో సీరియల్ మొదలయ్యే ముందు. గట్టు దగ్గర రెండు చేతులూ అందేలా, కాళ్ల కింద జారే పట్టా లేకుండా, పక్కన ఒకరు ఉండేలా చూసుకుంటాం. మొదట్లో కుర్చీలోంచి వరసగా మూడుసార్లు లేచేది. ఇప్పుడు పద్నాలుగు. ఆ అంకె తనే క్యాలెండర్ మీద రాసుకుంటుంది, పోయిన వారం కన్నా తగ్గితే మర్నాడు మళ్లీ చేసి కొట్టేసి రాస్తుంది.